లాతిర్ ఫాయ్ మొహం

గాజుపలక అంచుని ఇసుక కాగితంతో రుద్దడం ఆపకుండానే లాతిర్ ఫాయ్ పక్కకి తిరిగి వీధిలోకి ఉమ్మేశాడు. దుమ్ముగాలి నిన్నటినుంచీ ఆగలేదు. నోట్లో ఇసుక, కళ్ళల్లో ఇసుక, కాఫీలోనూ ఇసుకే. పలక మీద మాత్రం ఒక్క రేణువు ఉండకూడదు. పడగొట్టిన ఇళ్ళ కిటికీల్లోంచి వచ్చిన పాత గాజు అది. రెండు చుక్కలు స్పిరిట్ వేసి, పాత పేపరు ఉండచుట్టి గుండ్రంగా తుడిచి, ఒక కన్ను మూసి వెలుతురుకి ఎత్తి చూశాడు. తృప్తి కలగలేదు. మళ్ళీ తుడిచాడు.

రుఫిస్క్ బజారు వీధిలో, గుర్రపుబళ్ళు ఆగేచోటికి ఎదురుగా ఉంటుంది అతని రేకుల కొట్టు. మనిషి పొడుగే గాని, ఆ కొట్టు కప్పు తక్కువ ఎత్తు కావడంతో నలభై ఏళ్ళలో కప్పుకి తగ్గట్టు వంగిపోయాడు. వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని నీలం రంగు. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో గాజు కోసుకుని రెండుగా చీలి, అలాగే పెరుగుతూ వస్తోంది. కుడి కనుబొమ మధ్యలో చిన్న గాటు. అది కుర్రతనంలో కుస్తీ బరిలో పడినప్పటిది. గెలిచినప్పుడు తగిలిందని అతనంటాడు. చూసినవాళ్ళు ఇంకోలా చెబుతారు.

గాజు మీద బొమ్మ వేయడం వెనకనుంచి ముందుకు నడిచే పని. గుడ్డ మీద వేసేవాళ్ళు ముందు ఆకాశం వేసి, దాని మీద మనిషిని వేసి, చివర్న కంటిపాప పెడతారు. గాజుకి ముందు కంటిపాప. ఆ తర్వాత రెప్ప, తర్వాత ఒంటిరంగు, తర్వాత బట్టలు, అన్నిటికీ ఆఖర్న ఆకాశం. వేసేది ఒక పక్క, జనం చూసేది రెండో పక్క. అందుకని వేసేటప్పుడు కుడిచెయ్యి చూసేటప్పుడు ఎడమచెయ్యి అయిపోతుంది. ఒకసారి వేసిన ముక్కు మీద మళ్ళీ ముక్కు వేయడానికి లేదు. నచ్చకపోతే బ్లేడుతో గీకి పారేయడమే.

ఇదంతా అతనికి నేర్పినవాడు మోర్ సిల్లా. గురువు దగ్గర ఒక పెట్టె నిండా నమూనా కాగితాలుండేవి. తలపాగా చుట్టుకున్న అమ్మ, టీ కాచే ముసలాయన, కిక్కిరిసిన బస్సు, సింహం మీద సాధువు. కాగితాన్ని గాజు కింద పెట్టి ఆ గీతల మీదే గీయాలి. గురువు పోయాక పెట్టె లాతిర్ దగ్గరికి వచ్చింది. కాగితాలు చిరిగిపోతే అతనే కొత్తవి ఎత్తిరాసుకున్నాడు, ఒక్క గీత కూడా పక్కకి పోకుండా. ఊళ్ళో సగం ఇళ్ళల్లో అతను వేసిన తలపాగా అమ్మ గోడకి వేలాడుతూ ఉంటుంది. అడిగితే మోర్ సిల్లా బొమ్మ అంటారు. అందులో తప్పేముంది, గీత ఆయనదే కదా అని లాతిర్ కూడా ఎప్పుడూ అనుకునేవాడు.

వారం కిందట మారెమ్ వచ్చి ఆ అనుకోవడాన్ని చెడగొట్టి పోయింది. డాకర్‌లో బొమ్మల చదువు చదివిన పిల్ల. తలుపంత గుడ్డల మీద, బస్సు కోసం నిలబడి కాళ్ళు పీకే ఆడవాళ్ళని వేస్తుంది. వేరుశనగ గోడౌన్ ఒకటి ఖాళీగా ఉంటే అందులో కొందరు చిత్రకారులు కలిసి ప్రదర్శన పెడుతున్నారు. ఎవరి బొమ్మ వాళ్ళే వేసుకోవాలట.

"ఊరందరికీ బొమ్మలు వేశారు కదా పెదనాన్నా, మరి మీ బొమ్మేదీ?" అంది.

"నా మొహం ఎవరు కొంటారమ్మా."

"అమ్మడానికి కాదు. ఇదుగో, వీడే నేను అని చెప్పుకోవడానికి."

నవ్వి ఊరుకున్నాడు గాని, ఆ మాట గొంతులో చేపముల్లులా దిగబడింది. తను పోయాక తనదని చెప్పుకోవడానికి ఒక్క గీతైనా మిగలాలని అతనికి ఆశ పుట్టింది. ఈ వయసులో ఇదేం ఆశ అని సిగ్గుపడి పెళ్ళాం సిగాకి కూడా చెప్పలేదు. ఇవాళ సాయంకాలం నమాజు వేళకి బొమ్మ తీసుకుపోవడానికి మారెమ్ వ్యాను వస్తుంది. అప్పటికి గాజు మీద తనుండాలి. కిందపెట్టి గీయడానికి కాగితం మాత్రం లేదు.

"ఏరా బానిసా, తెల్లారిందా? నీ యజమాని ఇంకా కాఫీ తాగలేదురా."

పక్క కొట్లోంచి యెరో వాన్ గొంతు. దర్జీ. పొట్టివాడు, మెడలో టేపు తీస్తే బట్టలిప్పినట్టు సిగ్గుపడతాడు. లాతిర్ సెరేర్, యెరో తుకులోర్. ఆ రెండు జాతులకీ తాతల నాటినుంచీ పరిహాసం వరస. నువ్వు నా బానిసవంటే నువ్వే నా బానిసవని ఎదురుపడ్డప్పుడల్లా అనుకోవాలి, కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడు మనిషే కాదు. వీళ్ళిద్దరూ ముప్పై ఏళ్ళుగా రేకుగోడకి ఇటూ అటూ కూర్చుని ఆ ధర్మం ఒక్కరోజు తప్పలేదు.

"పాలు తాగే జాతికి కాఫీ ఎందుకురా" అన్నాడు లాతిర్. "మీ తాతని మా తాత మేకపిల్లనిచ్చి కొన్నాడు. మేకపిల్లే నయం, అరుపు తక్కువ."

"మీ సెరేర్లకి తిండి తప్ప బేరం ఎప్పుడు తెలుసు."

"ఆ అద్దం ఇలా ఇవ్వు."

యెరో గోడ పక్కనుంచి తల పెట్టి చూశాడు. ఆడవాళ్ళు జాకెట్ మెడ చూసుకోవడానికి అతను ఒక చేతి అద్దం ఉంచుతాడు. "దేనికి?"

"మొహం చూసుకోవాలి."

"ఇప్పుడెందుకురా, పోయిన బస్సు కోసం చెయ్యెత్తినట్టు" అన్నాడు గాని, అద్దం ఇచ్చాడు.

లాతిర్ అద్దాన్ని మేకుకి తగిలించి, దాని ముందు స్టూలు వేసుకుని, గాజుపలక ఒళ్ళో పెట్టుకున్నాడు. పాళీ సిరాలో ముంచాడు. చెయ్యి గాల్లో నిలబడిపోయింది. వేలసార్లు కళ్ళు గీసిన చెయ్యి, కింద కాగితం లేకపోయేసరికి దారి తప్పింది. మొదటిసారి గీసింది తలపాగా అమ్మ కన్ను. బ్లేడుతో గీకేశాడు. రెండోసారి టీ కాచే ముసలాయన కన్ను. అదీ గీకేశాడు. మోర్ సిల్లా పోయి పాతికేళ్ళు దాటినా, ఇంకా తన చెయ్యి వదలడం లేదు. విసుగొచ్చి, గీయడం మానేసి అద్దంలోకి ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా బండి గుర్రం ఒకటి నిలబడి నిద్రపోతోంది. కాసేపటికి, తను చూస్తున్నది మొహమన్న సంగతి మరచిపోయి, కిటికీలోంచి కనిపించే ఇంటిని గీసినట్టు గీయడం మొదలుపెట్టాడు. ఇక్కడ గుంట, ఇక్కడ మడత, ఇదిగో గాటు. ముక్కు కొద్దిగా ఎడమకి. కింది పెదవి మీద పొగాకు మచ్చ.

ఎండ గడప దాటే వేళకి గీతలు పూర్తయ్యాయి. గాజు మీద నల్లటి గీతల్లో తనే ఉన్నాడు. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు కనిపించే లాతిర్ ఫాయ్, అచ్చంగా. మోర్ సిల్లా గీత ఒక్కటీ లేదు. అతనికి గుండె దడదడలాడింది, సంతోషంతోనే. సిరా ఆరేదాకా ఊదాడు. అప్పుడు, ఎన్ని వేల పలకలకో చేసినట్టే, జనం చూసే వైపుకి తిప్పాడు.

ఎవరో కొత్తమనిషి.

కళ్ళు అవే, మడతలు అవే, గాటు అదే. కాని మనిషి వేరు. ముక్కు అటు తిరిగింది, దాంతో నోరు ఏదో దాచుకున్నట్టుంది. గాటు ఇటు కనుబొమకి రావడంతో ఆ కన్ను ఎవరినో నమ్మనట్టుంది. లాతిర్ పలకని అద్దం పక్కన పెట్టి చూశాడు. అద్దంలో ఒకడు, గాజులో ఒకడు, తోడబుట్టినవాళ్ళు తగువులాడుకుని మొహాలు తిప్పుకున్నట్టున్నారు. తిప్పితే తను. మళ్ళీ తిప్పితే వాడు.

తప్పెక్కడ జరిగిందో తెలియక కాసేపు తల గోక్కున్నాడు. తెలియకేం, తెలుసు. అద్దం ఒకసారి తిప్పుతుంది, గాజు ఇంకోసారి తిప్పుతుంది. రెండుసార్లు తిరిగితే మొదటికొస్తుంది. అంటే గాజులో ఉన్నది లోకానికి కనిపించే లాతిర్ ఫాయ్. పని నేర్చుకునే పిల్లాడు కూడా చెప్పే లెక్క. లెక్క సరిపోయింది గాని మనసు సరిపోలేదు. జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. అందులో ఫోటో తీసినవాణ్ణి ఇన్నేళ్ళుగా తిట్టుకుంటున్నాడు, తనని దొంగలా తీశాడని. ఇప్పుడు చూస్తే ఆ కార్డూ ఈ గాజూ ఒకే మాట మీద ఉన్నాయి. పాపం, ఆ ఫోటో తీసినవాడిది తప్పు లేదు.

"యెరో, ఇది ఎవరు?"

యెరో మిషను ఆపి చూశాడు. "ఎవరేంటి, నా బానిస. మేకపిల్లకి కొన్నది."

"సరిగ్గా చూడు. ఆ నోరు నాదేనా?"

"నీ నోరే. అప్పు అడిగినప్పుడు పెట్టే నోరు." యెరో కళ్ళజోడు పైకి తోసుకుని ఇంకోసారి చూశాడు. "ఒరేయ్, నిజం చెప్పనా. నువ్వు ఇంత బాగా వేస్తావని నాకు తెలీదురా."

పొగడ్త విని లాతిర్ ఇంకా బెదిరిపోయాడు. ముప్పై ఏళ్ళలో యెరో అతన్ని పొగడడం అదే మొదలు. బండి తోలేవాణ్ణి అడిగాడు. వాడు చూసి, పలకకే సలాం చేసి నవ్వాడు. రొట్టెలమ్మే ఆవిడ, "మనిషి పక్కనుండగా రెండోది దేనికి, ఒకటే భరించలేకపోతున్నాం" అంది. ఒక్కళ్ళైనా, ఇదేంటి, నీలా లేదే అంటే ప్రాణం కుదుటపడేది. ఒక్కళ్ళూ అనలేదు. అరవై దాటిన మనిషి, తన మొహం తనకి తప్ప ఊరందరికీ తెలుసని తెలిసి, నడివీధిలో పలక పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డాడు. తనెరిగినవాణ్ణి ఎవరూ ఎరగరు. అందరూ ఎరిగినవాణ్ణి తనెప్పుడూ చూడలేదు. మరి ఇన్నాళ్ళూ ఎవరు ఎవరితో మాట్లాడినట్టు?

గీకేద్దామనుకున్నాడు. బ్లేడు తీసి నుదుటి దగ్గర ఆనించాడు కూడా. కాగితాల పెట్టె ఎలాగూ ఉంది, ఒక తలపాగా అమ్మని వేసి ఇస్తే మారెమ్ ఏమీ అనదు. కాని గీకితే తన గీత కూడా పోతుంది. జీవితంలో ఒకే ఒక్కటి. బ్లేడు పట్టుకునే కూర్చున్నాడు, మధ్యాహ్నపు నమాజు పిలుపు వచ్చేదాకా.

భోజనానికి ఇంటికి పలకని చంకలో పెట్టుకుని పోయాడు. కొట్టు వెనక సందులోనే ఇల్లు. సిగా అప్పటికే చేపల అన్నం పెద్ద పళ్ళెంలోకి ఒంపి, చేప ముక్క అతని వైపుకి జరిపి ఉంచింది. బలమైన మనిషి, మాట కూడా బలమే. లాతిర్ పలకని గోడకి ఆనించి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. చెంబు వంచుతుంటే లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"నన్నట్టా చూడకు. బజార్లో ఇవాళ దొరికింది ఇదే చేప. ఉప్పు ఎక్కువైతే నా తప్పు కాదు."

తనతోనే అనుకుని "నేనేమన్నాను?" అంటూ లోపలికి వచ్చాడు. సిగా అటు తిరిగి ఉంది. అంటున్నది పలకతో. అన్నాక గాని ఆవిడకీ తెలియలేదు. గిరుక్కున తిరిగి తడిచేతుల మొగుణ్ణి చూసి, గోడకున్నవాణ్ణి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవరు వేశారు నిలాన్ నాన్నా?" అంది నవ్వు ఆగాక. అతన్ని ఎప్పుడూ కూతురి పేరుతోనే పిలుస్తుంది.

"నేనే."

"కాగితం ఎక్కడిది?"

"కాగితం లేదు."

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని దగ్గరగా చూసింది. "నేను కోప్పడేటప్పుడు నువ్వు పెట్టే మొహం ఇది. పెళ్ళినాడు కూడా ఇదే పెట్టావు. అయ్యో, ఈ కుర్రాడికి నేనంటే భయమనుకున్నాను."

"అది నేను కాదు సిగా" అన్నాడు లాతిర్. చెప్పడం చేతకాలేదు. "నేను ఎరిగిన నేను కాదు. గాజుని ఇటు తిప్పితే నేను. అటు తిప్పితే... అటు తిప్పితే మీ ఆయన."

"రెండూ ఒకరే కదా."

"ఏమో మరి."

"అన్నం తిను. ఆకలి మీద ఉంటే నువ్వు ఇంకా చాలా అంటావు."

తిన్నాడు. పళ్ళెంలో తన వైపు తను, ఆవిడ వైపు ఆవిడ. ఆవిడ ముల్లు తీసిన ముక్క ఇటు తోసినప్పుడల్లా అతనికి ఒకటే ఆలోచన. ఈ ముక్కలు ఇన్నేళ్ళుగా ఎవరికి పెట్టింది? ఆ గోడకి ఆనుకున్నవాడికే. కోప్పడ్డదీ వాడినే, పిల్లల్ని కన్నదీ వాడికే. వాడు మంచివాడే అయ్యుండాలి, లేకపోతే ఈ మనిషి వదిలేసి పోయేది. తను మాత్రం వాడి ముక్కలు తిని బతికాడు. అతనికి ఆవిడ మీద ఎంతో ప్రేమ కలిగింది, ఆ గాజులోవాడి మీద కొద్దిగా అసూయ కూడా. ఎందుకిలా అవుతోందో తెలియలేదు. ఎడమచెయ్యి తిమ్మిరిగా ఉంటే పలక మోసినందుకేమో అనుకున్నాడు.

కొట్టుకి తిరిగొచ్చి బ్లేడు మడిచి డబ్బాలో వేశాడు. గీకడం లేదు. సిగా పలకరించినవాణ్ణి గీకే హక్కు తనకి లేదనిపించింది. వాడే గోడౌనుకి పోనీ. గోధుమ రంగు డబ్బా తెరిచి, అందులో కొంచెం ఎరుపు, కొంచెం నలుపు కలిపి తన ముంజేతి మీద పూసి చూసుకున్నాడు. కలిసిపోయింది. పలకని ఒళ్ళో బోర్లించి, తనవైపు నుంచి ఒంటిరంగు పూయడం మొదలుపెట్టాడు.

ఆ పని ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. గీతల మీద రంగు పడగానే వేసేవాడి వైపు గీతలు మాయమైపోతాయి, చూసేవాడి వైపు మొహానికి ప్రాణం వస్తుంది. రోజూ చూసేదే. ఇవాళ మాత్రం కుంచె గడ్డం మీదుగా వెళ్ళినప్పుడు అతను ఆగాడు. గడ్డం పోయింది. పెదవి మచ్చ పోయింది. పొద్దున అద్దంలోంచి పట్టుకొచ్చి గాజు మీద కూర్చోబెట్టిన మనిషి, తను ఎరిగిన ఆ ఒక్క మనిషి, తన చేతి కిందే కొంచెం కొంచెంగా మునిగిపోతున్నాడు. మిగిలిన కళ్ళు రెండూ అతన్ని చూశాయి. లాతిర్‌కి ఏడుపొచ్చింది. "వెళ్ళిరారా" అన్నాడు మెల్లగా, ఎవరూ లేరు కదా అని చుట్టూ చూసి. కుంచె అడ్డంగా లాగాడు. ఇటువైపు ఇక ఎవరూ లేరు.

వెనక ఆకాశం వేయడానికి ఒంటిరంగు ఆరాలి. పలకని బల్ల మీద పెట్టి, చాప పరుచుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"బానిసా, ఇమాం గొంతు సవరించుకుంటున్నాడు. లే" అన్నాడు యెరో సాయంకాలం. జవాబు రాలేదు. "మీ తాత నిద్రలో ఉండగానే మావాళ్ళు పొలం పట్టుకుపోయారు, గుర్తుందా?" ఆ మాటకి ఎన్నేళ్ళుగానో ఒకటే జవాబు ఉంది, పొలం మోసింది మీ మేకలేనా అని. యెరో ఆ జవాబు కోసం మిషను ఆపి ఆగాడు. తర్వాత సూది బట్టలోనే వదిలేసి, గోడ పక్కనుంచి వచ్చి, చాప మీద మోకరించి భుజం పట్టుకున్నాడు. చాలాసేపు ఆ భుజం వదల్లేదు.

కూతురు నిలాన్ థియెస్ నుంచి రావాలి కాబట్టి పూడ్చడం పొద్దున్నకి పెట్టుకున్నారు. సందులో చాపలు పరిచారు. స్నానం చేయించేవాళ్ళు వచ్చేసరికి యెరో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పరిహాసం వరస చావుకి కూడా ఆగదు, అప్పుడే అసలు కావాలి. అందరూ అతని నోటికేసి చూశారు.

"వీడు నా సొత్తు" అన్నాడు యెరో. "యజమానిని అడక్కుండా పోయాడు. నా సుంకం నాకు ఇస్తేగాని కదలనివ్వను." గొంతు సగంలో జీరపోయింది, అయినా చివరిదాకా అన్నాడు. సిగా లేచి, చావింట పంచడానికి తెచ్చిన కోలా గింజలు గుప్పెడు అతని దోసిట్లో పోసింది. "తీసుకో. ముసలి బానిస, ఇంతకంటే రాదు" అంది. ముసలాళ్ళు కొందరు ఆచారం ప్రకారం నవ్వారు. యెరో గింజలు పట్టుకుని పక్కకి తప్పుకుని, గోడకి తల ఆనించి ఏడ్చాడు.

మారెమ్ వ్యాను అప్పుడే సందు మొదట్లో ఆగింది. చాపలు చూసి ఆ పిల్ల చెప్పులు విడిచి, వచ్చి సిగా పక్కన కూర్చుంది. కొట్లోంచి పలక ఎవరు తెచ్చారో, అది గోడకి ఆనించి ఉంది. ఆకాశం లేకుండా, మొహం ఒక్కటే. లోపలికి వచ్చే ప్రతివాళ్ళూ దాని ముందు ఒక్క క్షణం ఆగి, లాతిర్ అని తల ఊపి, ముందుకు పోతున్నారు.

"ఇది ఇక్కడే ఉంచండి పెద్దమ్మా" అంది మారెమ్. "నేను తీసుకుపోను. ఇందులో ఆయన అచ్చంగా ఉన్నారు."

"మనకి ఉన్నాడమ్మా" అంది సిగా. "ఆయనకి లేడు. ఇది కాదు నేను అన్నాడు. తిప్పి చూడు, అటువైపు నేనున్నా అన్నాడు. నేనేమో అన్నం తిను అన్నాను."

పలకని జాగ్రత్తగా రెండు చేతులా ఎత్తి, ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి తిప్పింది. మొగుడు ఎరిగిన మొగుణ్ణి ఒక్కసారి చూద్దామని వంగింది. కళ్ళు లేవు, గాటు లేదు, నోరు లేదు. ఆరీ ఆరని గోధుమ రంగు మడుగు, అందులో అంటుకుపోయిన ఒక కుంచె వెంట్రుక.